ఉమ్రి అత్త ఇచ్చే ఇనాం

ఉమ్రి అత్త పోయిన పదకొండో రోజు, భోజనాల దగ్గర మా బాపుకూ వంటాయనకూ మధ్య ఒక వింత వేలంపాట జరిగింది.

బంతులన్నీ లేచాయి. మధ్యాహ్నం మూడు దాటింది. ధర్మాబాద్ నుంచి వచ్చిన వంటాయన ఆర్పేసిన పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు. మాట్లాడుకున్న పైసలు ఆయనకు పొద్దున్నే ముట్టాయి. ఇప్పుడు పైన ఇనాం కింద బాపు ఒక ఐదు వందల నోటు చాచాడు. వంటాయన నోటు చూశాడు, బాపు మొహం చూశాడు, చేతులు మాత్రం తువ్వాల కిందనే ఉంచుకున్నాడు.

"తీస్కో అన్నా."

"ఉండనీయిండ్రి."

"తక్కువైందా ఏంది?"

"గట్లనలే."

బాపు ఇంకో ఐదు వందలు కలిపాడు. వంటాయన తల అడ్డంగా ఊపాడు. బాపు జేబులో మళ్లీ చెయ్యి పెట్టాడు. చుట్టాలు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. "సావింట్ల గూడ బేరమేనా," అని మా చిన్నాయన గొణిగాడు, వంటాయన చెవిన సరిగ్గా పడేటంత మెల్లగా.

అసలు సంగతి నాకు తెలుసు. తెలిసీ రెండు నిమిషాలు నోరు మూసుకున్నాను. మా బాపు జేబులోంచి ఒకదాని వెనక ఒకటి నోట్లు రావడం నా ఇరవై ఆరేళ్ల జీవితంలో చూడలేదు. అంత అరుదైన దృశ్యాన్ని మధ్యలో ఆపడానికి మనసొప్పలేదు.

వంటాయన ఎదురుచూస్తున్నది నోటు కోసం కాదు, ఒక ప్రశ్న కోసం. ఆ ప్రశ్న వినకుండా ఆయన మా ఇళ్లలో ఏనాడూ ఇనాం ముట్టలేదు. ఆ ప్రశ్న అడిగే మనిషి కోసమే ఆ రోజు వంట.

ఉమ్రి అత్త మా బాపుకు పెద్దక్క. పెళ్లై ఉమ్రికి పోయింది, మామ చనిపోయాక మహారాష్ట్రలో మేముండే నాందేడ్‌కు తిరిగొచ్చింది. ఈ రెంటి మధ్య ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు, ఆమె అసలే చెప్పలేదు. రైల్లో గంట దూరం ఊరు. అక్కడి నుంచి ఆమె తెచ్చుకున్నది ఒక ట్రంకుపెట్టె, ఆ ఊరి పేరు.

మా వాళ్లలో పెళ్లంటే ఎవరి పని వారికి ఉంటుంది. ఒకరు బంగారం చూస్తారు, ఒకరు బట్టలు చూస్తారు, ఇద్దరు ముగ్గురు అలగడం చూస్తారు. ఇనాం ఉమ్రి అత్తది. వంటవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, బాజావాళ్లు, పూలవాడు, గుర్రమతను, వీళ్లందరికీ పెళ్లివారి తరఫున పైన నాలుగు పైసలు ఇచ్చే అధికారం ఆమెకు ఎవరిచ్చారో తెలియదు కానీ, దాన్ని ఆమె నుంచి లాక్కునే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పెళ్లిళ్లు జరిగే మంగళ కార్యాలయం ముందు గుమ్మంలో, పన్నీరు చల్లే చోట, ఆమెను ఎప్పుడూ చూడలేదు. వెనక వైపు చూడాలి. పొయ్యిలు, నీళ్ల డ్రమ్ములు, ఉల్లిపొట్టు, ఒక మూల కట్టేసిన గుర్రం. అది ఆమె రాజ్యం. నడుముకు గుడ్డసంచి, అందులో నోట్లు. కొంగు చివర ఒక ముడి, అందులో అక్షింతలు. ఈ రెంటినీ ఎన్నడూ ఒకచోట పెట్టలేదు.

నోట్లు కొత్తవై ఉండాలి. పెళ్లికి వారం ముందు నాందేడ్‌లోనే వజీరాబాద్ పేటలో బ్యాంకుకు పోయి కొత్త వందల కట్ట అడిగేది. లేదంటే సరేనని చెప్పి, అక్కడే కుర్చీలో కూర్చునేది. ఏమీ అనేది కాదు. కూర్చునేది, అంతే. ఆమె కూర్చున్న అరగంటకు కట్ట పుట్టేది. బ్యాంకులో ఎంతో చదువుకున్నవాళ్లు ఉంటారు కానీ, కూర్చున్న ముసలమ్మకు విరుగుడు ఎవరూ చదివి ఉండరు.

ఇనాం ఇచ్చే ముందు ప్రశ్న ఒకటే. తెలుగువాళ్లయితే "తిన్నవా?" మరాఠీవాళ్లయితే "జేవ్‌లాస్ కా?" బాజావాళ్లయితే "ఖానా ఖాయా?" మూడు భాషల్లోనూ ఆమెకు తప్పులేకుండా వచ్చిన వాక్యం అదొక్కటే. తినకపోతే పైస లేదు.

"తర్వాత తింటనమ్మా, ముందైతే ఇయ్యిండ్రి," అన్నాడొకసారి బాండు మాస్టరు.

"తర్వాతనే ఇస్త."

"తిన్ననమ్మా, ఒట్టు."

"ఒట్టేందుకు, చెయ్యి సూపెట్టు."

మాస్టరు చెయ్యి చూపించాడు. గోళ్లు తెల్లగా ఉన్నాయి. మా పెళ్లిళ్లలో పప్పు తిన్న చేతికి ఎన్ని నీళ్లు పోసినా గోళ్ల దగ్గర పసుపు పోదు. ఎంత బాజా వాయించినా పసుపు రాదు. ఆయన వెళ్లి బంతిలో కూర్చున్నాడు. తిని వచ్చి వంద తీసుకున్నాడు. పక్కన గిన్నెలు తోమే ఆమెకు కూడా అత్త వందే ఇవ్వడం చూసి చిన్నబుచ్చుకున్నాడు.

"అమ్మా, నా ఎనక పద్నాలుగు మంది ఉన్నరు."

"ఆళ్లకు గూడ తలా ఇంత ఇస్త. ఆమె తోమకపోతే నువ్వు దేంట్ల తింటుంటివి? డోలుల తింటుంటివా?"

ఫొటో తీసేవాళ్లు దగ్గరికి వస్తే సంచి మూసేసేది. "పోటువ దిగుకుంట ఇస్తె ఇనాం గాదు, ఎలక్షన్," అనేది. మా చిన్నమ్మ ఒకసారి ఔరంగాబాద్ నుంచి బంగారు రంగు అంచుల కవర్లు తెప్పించింది, పనివాళ్లకు అందులో పెట్టిస్తే మర్యాదగా ఉంటుందని. అత్త వాటిని మురిపెంగా తీసుకుంది. ఏడాది పాటు వాటిలో వక్కపొడి పెట్టుకుంది. చేతికి చెయ్యి తగలకుండా ఇచ్చేది ఆమె దృష్టిలో ఇవ్వడం కాదు, పోస్టు చెయ్యడం.

నోటు ఇచ్చాక అసలు తతంగం మొదలయ్యేది. కొంగు ముడి విప్పి, అదే అరచేతిలో చిటికెడు అక్షింతలు పోసేది.

"పైస నీది. ఇవి పిల్లలయి. పొయ్యి తలల మీద ఏసి రా."

మా నాందేడ్ పెళ్లిళ్లలో అక్షింతలు రెండు సార్లు పడతాయి. మరాఠీ పద్ధతిలో మంగళాష్టకాలు చదువుతుంటే ఎక్కడివాళ్లు అక్కడి నుంచే విసురుతారు. ఇరవయ్యో వరసలో విసిరినవి పంతొమ్మిదో వరస బట్టతల మీద పడతాయి. వధూవరులకు అందేది ఉద్దేశం మాత్రమే. తర్వాత మన పద్ధతిలో ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి తలల మీద వేస్తారు. అత్తకు మొదటిది లెక్కలోకి రాదు. "ఇసిరితే పిట్టలకు ఏసినట్టు. తల మీద పడాలె," అనేది. అందుకే మా పెళ్లిళ్లలో వరసలో పట్టుచీరల మధ్య ఒక వంటాయన, డోలు భుజానికి తగిలించుకున్న ఒకాయన, తడి చేతుల ఒకామె తప్పకుండా కనిపిస్తారు. కొత్తగా మాకు చుట్టరికం కలిసినవాళ్లు, వడ్డన స్టేజీ మీదికే వచ్చిందనుకుని ఆశగా చూసేవారు.

డిగ్రీ చదివే రోజుల్లో నాకు ఇది చాలా గొప్ప విషయంగా తోచింది. పనివాళ్లను చుట్టాలతో సమానంగా నిలబెట్టడం అన్నమాట. "అత్తా, నువ్వు పెద్ద కామ్రేడ్‌వి," అన్నాను.

"గదేం పని? పైసలిస్తరా?"

"ఇయ్యరు."

"మరెందుకు చేస్తరు?"

అత్త తప్పు చేయడం నేను ఒక్కసారే చూశాను. మా చిన్నాయన బిడ్డ పెళ్లి. పెళ్లికొడుకు వాళ్లు పర్భణీ వైపు మరాఠీవాళ్లు. వాళ్ల పద్ధతిలో పెద్దమనుషులకు తలకు ఫేటా అనే పాగా చుట్టి గౌరవిస్తారు. అందరికీ చుట్టి, పెళ్లికొడుకు మేనమామను మరిచిపోయారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. అలిగి, ఎవరికీ కనిపించకుండా ఉండాలనో, ఎవరైనా వచ్చి వెతకాలనో, వెనక వైపు వెళ్లి నీళ్ల డ్రమ్ముల దగ్గర నిలబడ్డాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, బోడితల, కోపం. వడ్డించే వాళ్లదీ ఆ రోజు తెల్ల బట్టలే. కోపం కూడా ఇంచుమించు అంతే.

అత్త ఆయన దగ్గర ఆగి, "జేవ్‌లాస్ కా?" అంది. తిన్నావా అని, ఏకవచనంలో.

ఆయన నిర్ఘాంతపోయి, "నాహీ," అన్నాడు.

అత్త ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, తోముడు పీటల పక్కన కూర్చోబెట్టి, విస్తరి వేసి, పక్కనే నిలబడి తినిపించింది. తిన్నాక గోళ్లు చూసింది. కొత్త వంద ఇచ్చింది. అక్షింతలు పోసింది. ఇదంతా దూరం నుంచి చూసిన చిన్నాయన స్తంభం పట్టుకున్నాడు. పెళ్లి ఆగిపోతుందని ఒకరు, పంచాయితీ అవుతుందని ఒకరు. ఆడవాళ్లు ఏడవడానికి సిద్ధపడి, ఎవరు మొదలుపెడతారా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు.

హెడ్మాస్టరు వంద మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిడికిలి మూసుకుని స్టేజీ ఎక్కాడు. మేనల్లుడి తల మీద అక్షింతలు వేసి దిగాడు. ఫేటా ఊసే ఎత్తలేదు. పొద్దుటి నుంచి ఆయన్ను తిన్నావా అని అడిగిన మొదటి మనిషి అత్తేనట. వెళ్లేటప్పుడు ఆయనే చెప్పాడు. ఆయన ఎవరో తెలిశాక అత్త ఏమాత్రం కంగారుపడలేదు.

"తప్పేముంది? తినలేదు, తిన్నడు. మీరేమో అందరు తిన్నోళ్ల చుట్టే తిరుగుతున్నరు."

ఆ వంద ఆయన తిరిగి ఇవ్వలేదు. అదీ గౌరవమే అని నేనంటాను.

తర్వాత మా అక్క పెళ్లి వచ్చింది. అక్కను పెంచింది ఉమ్రి అత్తే. నేను పుట్టినప్పుడు అమ్మకు జబ్బు చేసి ఏడాది మంచం మీద ఉంది. ఆ ఏడాదంతా అక్క అత్త పక్కలోనే పడుకుంది. ఏడాది అయ్యాక కూడా తిరిగి రాలేదు. అత్త మాట చెబితే చాలు, ఏ గొడవలోనైనా అక్క చల్లబడేది. నేను ఆ మాటను అవసరానికి మించి వాడుకున్నాను.

ఆ పెళ్లికి బాపు ఊరి బయట కొత్త కార్యాలయం మాట్లాడాడు. అన్నీ ప్యాకేజీ. వంట వాళ్లదే, పూలు వాళ్లవే, బాజా కూడా వాళ్లదే. వడ్డించేవాళ్లకు నల్లకోట్లు, తెల్ల గ్లౌజులు. వాకీటాకీ పట్టుకున్న ఒక కుర్ర మేనేజరు. అత్త సంచి బిగించుకుని వెనక వైపు నడవగానే ఎదురొచ్చి చేతులు జోడించాడు.

"మావ్‌శీ, టిప్ అలౌడ్ నాహీ. బిలాత్ ఆహే."

ఇనాం బిల్లులోనే కలిపారట. విడిగా ఇస్తే తీసుకున్నవాడి ఉద్యోగం పోతుందట. పనివాళ్లు స్టేజీ ఎక్కడం అంతకన్నా కుదరదట.

బాపు నవ్వుతూ వచ్చాడు. "అక్కా, గీ ఒక్కసారన్న హాయిగ కూసో. ఎన్ని పెండ్లిండ్లని తిరుగుతవ్?"

మా ఇంట్లో ఒక మనిషికి వేసిన శిక్షల్లో ఈ 'హాయి'ని మించినది నేను చూడలేదు. అత్తను ముందు వరసలో తెల్ల గుడ్డ కప్పిన సోఫాలో కూర్చోబెట్టారు. వెనక వైపు అంత పెద్దగా కనిపించే మనిషి, ముందు వరసలో ఇంతే అయిపోయింది. కాళ్లు నేలకు అందలేదు. మంగళాష్టకాలు మొదలయ్యాయి, అందరూ విసిరారు. ఆమె విసరలేదు. కొంగు ముడి వేళ్లతో పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత వరస మొదలైంది. అందరూ స్టేజీ ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఆమె లేవలేదు.

వరస సగానికి వచ్చాక నన్ను పిలిచింది.

"ఇటు రారా. తిన్నవా?"

"తిన్న అత్తా."

"ఏం తిన్నవ్?"

"మూడు గులాబ్‌జాములు."

"గది తినుడా? నడువ్."

నేను మొత్తుకున్నాను. వరస అయిపోతే పెళ్లికూతురు చీర మార్చుకోవడానికి వెళ్లిపోతుంది, ఫొటోలున్నాయి, నేను పెళ్లికూతురు తమ్ముణ్ని, నాకు చాలా బాధ్యతలున్నాయి అన్నాను. చివరిది ఆమె నమ్మలేదు. భోజనాల హాల్లోకి లాక్కెళ్లి, నల్లకోటు అబ్బాయి చేత అన్నం, పప్పు పెట్టించింది. చెంచా తీసి పక్కన పెట్టింది. "చెయ్యితోని తిను." నేను తింటున్నాను, గోడకున్న టీవీలో స్టేజీ కనిపిస్తోంది. ఇరవై మంది. పదిహేను. ఆమె టీవీ వైపు చూస్తోంది, నా విస్తరి వైపు చూస్తోంది, తొందరపడు అని మాత్రం అనలేదు. తొందరగా తిన్నది కూడా తినడం కాదన్న నియమం ఉందేమో.

పది మంది మిగిలారు. చెయ్యి కడుక్కుని వచ్చాను. గోళ్లు చూసింది. సంచిలోంచి కొత్త వంద తీసి నా చేతిలో పెట్టింది. ముడి విప్పింది.

"అత్తా, నాకేంది ఇనాం? నేనేం పని జేసిన?"

"ఇప్పుడు జేస్తవ్."

"నువ్వే రారాదు? నాల్గు మెట్లు గూడ లేవు."

"మూడు," అంది. "పొద్దుగాలనే సూసిన."

మామ పోయాక ఆమె ఏ పెళ్లిలోనూ స్టేజీ ఎక్కలేదు. ఎవరూ ఎక్కొద్దు అనలేదు. ఎక్కమని కూడా అనలేదు. మధ్యలో మిగిలిన ఆ కాస్త ఖాళీలోనే ఆమె ఇన్నేళ్లూ నిలబడింది. ఇన్ని పెళ్లిళ్లలో ఆమె పంపిన వంటాయనలు, డోలువాళ్లు, తడి చేతుల ఆడవాళ్లు, ఒక హెడ్మాస్టరు, అందరి పిడికిళ్లలో ఉన్నది ఆమె పిడికెడే. నేను దానికి కామ్రేడ్ అని పేరు పెట్టాను. నా చదువు మీద బాపు పెట్టిన ఖర్చు గురించి ఆయన అప్పుడప్పుడు బాధపడతాడు, కారణం లేకపోలేదు.

నేను వరసలో అందరికంటే చివర నిలబడ్డాను. స్టేజీ ఎక్కి అక్క తల మీద అక్షింతలు వేశాను. ఒక్క గింజ కింద పడకుండా, నొక్కి మరీ వేశాను. అక్క తల వంచుకునే అడిగింది.

"అత్తయేనా?"

"నీకెట్ల ఎర్క?"

"పప్పు వాసన."

కింద సోఫా దగ్గర అత్త నిలబడి ఉంది. అక్క తల ఎత్తి అటు చూసింది. అత్త చెయ్యి ఊపింది, ముందు కెమెరా వైపు చూడమని. అంతే. నేనక్కడ ఏదో జరుగుతుందని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. ఇద్దరికీ నాకంటే బుద్ధి ఎక్కువ.

వెళ్లేటప్పుడు అత్త మేనేజరు దగ్గర ఆగింది. "జేవ్‌లాస్ కా?" అంది. వాకీటాకీ కిందికి దిగింది. పొద్దుటి నుంచి తినలేదట. దీని గురించి ప్యాకేజీలో ఏమీ రాసి లేదు.

ఆ వంద నేను దాచుకున్నానని చెబితే బాగుండేది. సాయంత్రానికి అది పెట్రోలైంది.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. మొన్న పోయింది, పగటి పూట, టీ తాగి, కప్పు కడిగి పెట్టి. చుట్టాలకు రైళ్లు కూడా అన్నీ సమయానికి దొరికాయి. ఆమె పోవడంలో కూడా ఎవరికీ అలగడానికి సందు దొరకలేదు.

వేలంపాట రెండు వేల దగ్గర ఆగింది. బాపు అక్కడికి వచ్చి చెమటలు తుడుచుకుంటున్నాడు. ఇక చాలనిపించి నేను ముందుకు వెళ్లాను. వంటాయన ఎదురుగా నిలబడ్డాను.

"తిన్నవా?"

వంటాయన నా వైపు చూశాడు. తువ్వాల కింద నుంచి చేతులు బయటికి వచ్చాయి.

"లేదు," అన్నాడు. "ఎవలు అడగలే గద."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. చిన్నాయన విస్తరి తెచ్చాడు. వంటాయన తాను వండిన పప్పు తానే తిన్నాడు, తొందరపడకుండా. మేం చుట్టూ నిలబడ్డాం. చెయ్యి కడుక్కుని వచ్చి, అడగకుండానే గోళ్లు చూపించాడు. పసుపుగా ఉన్నాయి. బాపు చేతిలోంచి నేను ఒక్క నోటు తీసుకుని ఆయన చేతిలో పెట్టాను. మిగిలినవి బాపు జేబులోకి వెళ్లిపోయాయి, ఇంటికి చేరిన పశువుల్లాగా.

వంటాయన నోటు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుని, మళ్లీ చెయ్యి చాచాడు.

ఇంకా కావాలేమోనని బాపు ఉలిక్కిపడ్డాడు. కాదు. ఆయన ఏమీ అడగడం లేదు. ఇన్నేళ్లుగా నోటు తర్వాత ఆ అరచేతిలో ఇంకొకటి పడేది. చెయ్యికి అలవాటు, చాచింది. చాచాక ఆయనకే తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేకపోయాడు.

చావింట్లో అక్షింతలు ఎక్కడివి? నా జేబులో భోజనాల దగ్గర తీసుకున్న సోంపు ఉంది. అదే చిటికెడు తీసి పోశాను.

ఆయన సోంపును వేలితో కదిపి చూశాడు.

"గివి ఎవల మీద ఏయాలె?"

"తినుండ్రి," అన్నాను.

ఆయన తినలేదు. స్టూలు మీద నుంచి లేచి, నా తల వంచి, సోంపు మొత్తం నా నెత్తిన పోశాడు. నొక్కి మరీ పోశాడు.

"నీ పెండ్లికి ఆమె ఉండదు గద బిడ్డా. నేను గూడ ఉంటనో లేదో. ఆమెయి ముందుగాలనే ఏసిన."

ఆయన చేతికి పప్పు వాసన వచ్చింది.

బాపు గట్టిగానే అరిచాడు. "పదకొండో దినం అచ్చింతలేందయ్యా! ఎవలన్న సూస్తె ఏమనుకుంటరు?"

"అచ్చింతలు గావు బాపు, సోంపు," అన్నాను.

బాపు నమ్మలేదు. దగ్గరికి వచ్చి, నా తల మీద నుంచి ఒక గింజ తీశాడు. వేళ్ల మధ్య పెట్టుకుని చూశాడు. నోట్లో వేసుకున్నాడు. మెల్లగా నమిలాడు.

"సోంపే," అన్నాడు.

మిగిలినవి దులపలేదు.